వేయించిన మట్టి

రాజలింగును కిందటి వారం కామారెడ్డిలో, ఒక అద్దె భవనం రెండో అంతస్తు మెట్ల మీద, చేతిలో చల్లారిన చాయ్ గ్లాసుతో వదిలేశాం. అతను ఇంకా అక్కడే ఉన్నాడు. లోపల మీటింగు నడుస్తోంది. అందులో తేలాల్సింది ఒకటే సంగతి: అతని తమ్ముడు సిద్దిరాములుకు సూదిమందు ఇస్తారా, ఇవ్వరా.

మధ్యలో చదవడం మొదలుపెట్టిన వాళ్లకు నాలుగు మాటలు చెప్పాలి. సిద్దిరాములుది నాగిరెడ్డిపేట. దుబాయిలో పన్నెండేళ్లు పనిచేసి, అక్కణ్నుంచి షుగరు తెచ్చుకుని, అన్న పొలంలో దిగాడు. ఎనిమిది నెలలుగా జ్వరం, దగ్గు, తొడ మీద మానని గడ్డ. ఒక ప్రైవేటు డాక్టరు ఎక్స్‌రేను కిటికీ వెలుతురుకు పట్టుకుని చూసి టీబీ అన్నాడు. ఆ ఒక్క మాటతో మనిషి ఇంట్లోంచి పశువుల కొట్టంలోకి మారాడు. మార్చింది ఎవరో కాదు, రాజలింగే. తమ్ముడి మంచం తన నెత్తి మీదే మోశాడు. రాజలింగు భార్య పోచవ్వ, మరిది పళ్లెం మిగతావాటిలో కలవకుండా అంచుకు మేకుతో చిల్లి పొడిచి ఎర్రదారం కట్టింది. సిద్దిరాములు మందులు మింగుతూనే ఉన్నాడు, చిక్కిపోతూనే ఉన్నాడు.

అప్పుడు వచ్చింది డాక్టర్ కృపాజ్యోతి. నాడి పట్టి చూసే డాక్టరు కాదు. రోగాలు తెచ్చే క్రిముల మీద పదిహేనేళ్లుగా పరిశోధన చేస్తున్న మనిషి. అదే నాగిరెడ్డిపేటలో కూలి చేసుకున్న అబ్రాహాము, సాలవ్వల కూతురు. వరి మడి బురదలో ఒక క్రిమి ఉంటుందని, కాలి పగుళ్లలోంచి ఒంట్లోకి పోతుందని, షుగరున్న వాళ్లను పట్టుకుంటే వదలదని, చూడటానికి అచ్చం టీబీలాగే ఉన్నా దాని మందు వేరని ఆమె చెబుతుంది. సిద్దిరాములు గడ్డలోని చీమును ఆమె గాజుపళ్లెంలో వేస్తే ఆ క్రిమే మొలిచింది. అది చాలదన్నాడు ఆమె పనిచేసే పరిశోధన ప్రాజెక్టుకు పెద్ద, డాక్టర్ భూపాల్. "ఆ ఊరి మట్టిలో మీ క్రిమి ఉందని చూపించండి, మందుకు సంతకం పెడతాను" అన్నాడు. నలభై మడుల నుంచి నలభై సంచుల మట్టి రాజలింగు ఆటోలోనే కామారెడ్డి చేరింది.

నలభైలో ఒక్కదాంట్లోనూ ఏమీ మొలవలేదు.

తలుపు తెరుచుకుంది. "మట్టి తెచ్చినాయన ఎవలు? లోపలికి రమ్మంటుండ్రు" అన్నాడు అటెండరు.

రాజలింగు గ్లాసు మెట్టు మీద పెట్టి లేచాడు. యాభై రెండేళ్ల మనిషి. ఎల్లారెడ్డి రోడ్డు మీద ఆటో నడిపి నడిపి కుడి భుజం కాస్త కిందికి జారింది. మీటింగుల మీద అతనికి ఏనాడూ నమ్మకం లేదు. బిస్కెట్లు అయిపోయేదాకా మాట్లాడి, అయిపోగానే లేచిపోయేవాటిని మీటింగులంటారని అతని అభిప్రాయం. చూస్తే ఈ బల్ల మీద బిస్కెట్లు ఇంకా సగం ఉన్నాయి. అంటే కొంచెం ఆశ ఉందన్నమాట.

బల్లకు ఆ చివర భూపాల్, ఇస్త్రీ మడత చెదరని చొక్కాలో. ఎదురుగా నివేదిక కాగితాలు, వాటి మీద మూత తీసిన పెన్ను. ఈ చివర కృపాజ్యోతి, మూడు రోజులుగా నిద్రలేని కళ్లతో. గోడ వారన నలభై సంచులు, ఫంక్షన్ హాల్లో భోజనాల పిలుపు కోసం చూస్తున్న చుట్టాల్లా వరసగా కూర్చుని ఉన్నాయి.

భూపాల్ ఏదో అడగబోతుంటే అతని ఫోన్ మోగింది. అవతల తండ్రి కాబోలు, గోడవైపు తిరిగి గొంతు తగ్గించాడు. "బాపూ, మాత్ర ఏసుకున్నవా? తిన్నంకనే ఏసుకో. ఆపొద్దు. చెప్తున్న గద, ఆపొద్దు."

ఓహో, ఈయనా మన దిక్కోడే, మనముందర మాత్రం పుస్తకం భాష మాట్లాడతాడన్నమాట, అనుకున్నాడు రాజలింగు.

"రాజలింగు గారూ" అన్నాడు భూపాల్ ఇటు తిరిగి, "ఈ మట్టి మీరు చెప్పిన పొలాల్లోంచే తీశారా?"

"పొలంలకెళ్లి కాకుంటె నా నెత్తిల మొలుస్తదా సార్ మట్టి?"

ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు.

"నా ఉద్దేశం అది కాదు. సరిగ్గా తీశారా అని."

ఈ మాట రాజలింగుకు కారం చల్లినట్టయింది. ఎనిమిది నెలల్లో తమ్ముడి కోసం తను చేసిన పని ఇదొక్కటే. దీన్ని కూడా తప్పుపడితే ఇక మిగిలేది ఏమీ లేదు.

"సరిగ్గనా? ఒక్క సంచి ఇప్పి సూడుండ్రి సార్. ఒక్క రాయి దొర్కితె నా ఆటో మీది. ఒక్క గడ్డిపోస ఉండదు, ఒక్క నత్తగుల్ల ఉండదు. జల్లెడ పట్టి మరీ తెచ్చినం."

"విన్నారుగా" అన్నాడు భూపాల్ కృపాజ్యోతి వైపు తిరిగి. "నమూనాలో లోపం లేదు. మట్టిలో మీ క్రిమి లేదు. మట్టిలో లేనిది మనిషిలోకి ఎలా వస్తుంది? మీ పళ్లెంలో మొలిచింది ఎవరి చేతి నుంచో అంటిన మైల అయి ఉంటుంది. అతని టీబీ మందులు అలాగే నడవాలి. నేను ఇదే రాస్తున్నాను."

పెన్ను కాగితం మీద ఆనింది. రాజలింగు కళ్లముందు ఎర్రదారం కట్టిన పళ్లెం ఒక్కటే కనిపించింది.

కృపాజ్యోతి లేచింది. జల్లెడ అన్న మాట దగ్గరే ఆమె మనసు ఆగిపోయినట్టుంది. సంచులు వచ్చిన రోజు ఆమె హైదరాబాదులో ఉంది. వాటిని విప్పి పళ్లేల్లో వేసింది సుష్మిత అనే కొత్త టెక్నీషియను. తను చూసినవన్నీ ఖాళీ పళ్లేలే తప్ప సంచుల్లో చెయ్యి పెట్టలేదు. ఇప్పుడు గ్లవ్సు తొడుక్కుని ఒక సంచి మూతి విప్పింది. లోపలి మట్టి వేళ్ల సందుల్లోంచి శనగపిండిలా జారింది.

"అన్నా" అంది మెల్లగా. "మన దగ్గర ముసురు పట్టి ఎన్ని దినాలాయె?"

"పది దినాలు. సూర్యుని మొఖం సూడలే."

"నాట్లు పడుతున్న మడి. మోకాలి దాకా నీళ్లు. మరి ఈ మట్టి గిట్ల పొడిపొడిగ ఎట్లున్నది?"

"ఆరబెట్టినం మేడం."

"ఎండ లేకుండ ఎట్ల ఆరింది?"

రాజలింగు ముఖంలోకి కాస్త గర్వం వచ్చింది. ఇంతసేపటికి ఒకరు అడగాల్సిన సంగతి అడిగారు. "అదే మేడం తిప్పలు. ఎండ లేదు. పచ్చి మట్టి తెస్తె తీసుకోరని నాకెరుకే. మూడేండ్ల కింద ఎరువుల కోసం మట్టి పరీక్షకు పోతె, పచ్చిది తెచ్చినవని ఆ సారు సంచి నా కాళ్ల మీద కుమ్మరిచ్చిండు. గందుకని ఈసారి మోక ఇయ్యలే. మా ఆడోళ్లు రెండు దినాలు పొయ్యి కాడ కూసుండి, పెంక మీద ఏసి, సన్న మంట మీద వేయించిండ్రు. కలియబెట్టుకుంట, మాడకుంట. నలభై సంచులు మేడం. మా ఇంటామె చేతులు బొబ్బలెక్కినయి."



"వేయించారా?" అన్నాడు భూపాల్.

"ఔ సార్. పల్లీలు వేయించినట్టు."

కృపాజ్యోతి రెండు మోచేతుల్లో ముఖం దాచుకుంది. భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాడు రాజలింగు. ఏం పని చేసి పెట్టానురా దేవుడా అనుకున్నాడు. ఆమె తలెత్తేసరికి కళ్లనిండా నీళ్లు, నోటినిండా నవ్వు.

"అన్నా! బతికున్నోళ్లను తోల్కరమ్మంటె అస్తికలు మూటగట్టుకొచ్చినవా?"

సుష్మిత పగలబడి నవ్వింది. అటెండరు నవ్వాడు. రాజలింగుకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. క్రిములంటే ప్రాణమున్నవి. పెంక మీద వేస్తే అవి ఉంటాయా? పోచవ్వ ఒక్కదాన్నీ మాడ్చకుండా, ఒక్కదాన్నీ వదలకుండా, శ్రద్ధగా చంపి పెట్టింది.

"తప్పు నాదే సార్" అన్నాడు భూపాల్‌తో. గొంతులోని దురుసు ఎటో పోయింది. "మా తమ్ముడు ఏం తప్పు జేయలే. నా తెలివితక్కువకు వాణ్ని కొట్టంల పండవెట్టకుండ్రి."

"నివేదిక రాసేశాను" అన్నాడు భూపాల్. "శనివారం ప్రాజెక్టు మూతపడుతుంది. ఇవాళ సోమవారం. మళ్లీ మొదలుపెట్టడం కుదరదు."

"సరే సర్, రాసిందే పంపండి" అంది కృపాజ్యోతి కళ్లు తుడుచుకుంటూ. "కాకపోతే ఒక్క వాక్యం కలపండి. నమూనాలు నలభై, పెనం మీద, సన్న మంట మీద, మాడకుండా వేయించి పరీక్షించడమైనది అని. కింద మీ సంతకం."

ఈసారి బల్ల చుట్టూ ఉన్న అందరూ నవ్వారు. భూపాల్ నవ్వలేదు. పెన్నుకు మూత పెట్టాడు.

"మట్టిలో మొలిచినా ఏమవుతుందమ్మా?" అన్నాడు. ఆ గొంతులో కోపం కంటే బెదురు ఎక్కువ ఉన్నట్టు తోచింది రాజలింగుకు. "మీరనేది నిజమైతే, ఇన్నాళ్లుగా టీబీ అని మందులు మింగుతున్న వాళ్లలో ఎంతమందికి మనం తప్పు మందు ఇచ్చినట్టు? అది ఆలోచించారా?"

"ఎనిమిదేళ్లుగా అదే ఆలోచిస్తున్నా సర్. దాని మీద వ్యాసం కూడా రాశాను. పదకొండు మంది చదివారు. అందులో ముగ్గురు నా స్నేహితులు."

భూపాల్ నివేదిక కాగితాలు మడిచి పక్కన పెట్టాడు.

"శనివారం. నాలుగు గంటలు. ఒక్క నిమిషం దాటినా ఒప్పుకోను."

*

కామారెడ్డి నుంచి లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి, అక్కణ్నుంచి నాగిరెడ్డిపేట. ఆ దారిలో ఉన్న ప్రతి గుంతా రాజలింగుకు పేరుపేరునా తెలుసు. ఆ రోజు ఒక్కదానికీ మర్యాద ఇవ్వలేదు. వెనక సీట్లో కృపాజ్యోతి, ఆమె ఒళ్లో మూతలున్న పన్నెండు డబ్బాలు, కాళ్ల దగ్గర మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు.

పోచారం కాలువ కింద నాట్లు జోరుగా ఉన్నాయి. పోచవ్వ ఈ పక్క నాట్ల గుంపుకు పెద్ద. ఇరవై మంది ఆడవాళ్లు ఆమె మాట మీద నడుం వంచుతారు, ఆమె మాట మీద లేస్తారు. గట్టు మీద మొగుణ్ని చూడగానే నారు కట్ట కింద పడేసింది.

"ఏమాయె? మొలిసిందా?"

"యాడ మొలుస్తదే? నువ్వు వేయించి పెడితివి. క్రిములన్నీ సచ్చినయట."

పోచవ్వ నడుం మీద చేతులు పెట్టుకుంది. "శుబ్రంగ ఆరవెట్టుమన్నదెవలు? నేనా, నువ్వా? రెండు దినాలు పొగల కండ్లు పోగొట్టుకున్న. పచ్చిదే కావాల్నని ముందుగాల చెప్తె నీ నోట్లకెళ్లి ముత్యాలు రాల్తుండెనా?"

"వదినా, ఆయన్ని ఇడిసిపెట్టు" అంటూ కృపాజ్యోతి ఆటో దిగింది. "తప్పు నాది. మట్టి కావాల్నన్న గని, ఎట్లాంటిదో చెప్పలే."

మడి మధ్యలోంచి రామవ్వ అనే ముసలామె నడుమెత్తింది. "వేయించిన మట్టికి ఉప్పుకారం సరిపోయినాయా బిడ్డా?"

"ఉప్పు జర తక్కువైందవ్వా!"

మడి అంతా నవ్వు పాకింది. ఆ నవ్వులోనే కృపాజ్యోతి బూట్లు తొడుక్కుని దిగింది. నాలుగో అడుగుకు కుడి బూటు బురదలో కూరుకుపోయింది. లాగితే కాలు వచ్చేలా ఉంది కానీ బూటు వచ్చేలా లేదు. ఇద్దరు ఆమెను పట్టుకుని, ముగ్గురు బూటును పట్టుకుని లాగారు. బూటు ఊడిరావడంతో అయిదుగురూ వెనక్కి పడ్డారు. రాజలింగు గట్టు మీద కూర్చుని నవ్వాడు. నవ్వి ఎన్నాళ్లయిందో లెక్క తెలియక, తన నవ్వు తనకే వేరే మనిషిదిలా వినిపించి, ఠక్కున ఆపేశాడు.

"గీ బూట్లు ఏసుకుని నాటేస్తె వరుసలు వంకరపోతయి డాక్టరమ్మా" అంది పోచవ్వ లంగా దులుపుకుంటూ.

"వరుసలు వంకరపోనియ్యి వదినా. కాళ్లు సక్కగుంటె సాలు."

ఏ మడిలో తీద్దామని ఆమె అడిగింది. రాజలింగు వేలు చూపించబోయాడు. పోచవ్వ అడ్డుపడింది.

"ఆయనకేం తెల్సు? ఆయనది గట్టు మీది యవుసం. కాలువ మలుపు కాడ మడి ఉన్నది సూడు, దాన్ని మేం కాళ్లు తినే మడి అంటం. దాంట్లె దిగే ముందటి దినం కాళ్లకు ఆముదం, పసుపు పూసుకుంటం. దిగినోళ్లకు నాలుగు దినాల్ల ఎవలికో ఒకలికి జెరమే. మీ అమ్మకు గూడ ఎరుకే. సాలవ్వ ఆ మడి వంతు వస్తె నన్ను పంపి, తను పక్క మడిల దిగేది, గడుసుది."

కృపాజ్యోతి ఆమెను చూస్తూ నిలబడిపోయింది. పదిహేనేళ్లలో చదివిన కాగితాల్లో ఎక్కడా లేని సంగతి, ఒక ఆడమనిషి పమిట కొంగుతో ముఖం తుడుచుకుంటూ చెప్పేసింది.

"సిద్దన్న ఏ మడిల పని జేసిండు?"

"అదే మడి" అన్నాడు రాజలింగు. "నేనే దింపిన."

పోచవ్వ చేతికి పొడవాటి గ్లవ్సు తొడిగారు. ఆమె వంగి, మోచెయ్యి దాటేదాకా బురదలోకి చెయ్యి దూర్చి, కిందినుంచి నల్లటి మెత్తటి మట్టి పిడికెడు తెచ్చింది. డబ్బాలో పెట్టి మూత బిగించి, మొగుడి చేతికిస్తూ అంది:

"పట్టు. తొవ్వల యాడన్న పొయ్యి కనవడితె ఆగకు."

*

నాలుగు రోజులు రాజలింగు ఆటో తోలాడన్న మాటే కానీ, ఎక్కినవాళ్లెవరో దిగినవాళ్లెవరో తెలియదు. శుక్రవారం ఒకామెను ఎల్లారెడ్డిలో దింపాల్సింది మరిచిపోయి మళ్లీ నాగిరెడ్డిపేటకే తీసుకొచ్చాడు. ఆమె పెట్టిన శాపనార్థాలు పూర్తిగా విని, మళ్లీ తీసుకెళ్లి దింపాడు. కొట్టంలో సిద్దిరాములు మాత్రం ఏమీ అడగలేదు. అన్నం పళ్లెం గడప దగ్గర పెట్టి వదిన వెళ్లిపోయాకే లేచి తీసుకునేవాడు. అది ఎవరూ చెప్పని పద్ధతి. తనంతట తానే నేర్చుకున్నాడు.

శనివారం మూడున్నరకు రాజలింగు, పోచవ్వ కామారెడ్డి మెట్లెక్కారు. పైనుంచి కేక వినపడింది. ఏదో పడి పగిలిందనుకున్నారు. కాదు, సుష్మిత.

"అన్నా! జల్ది రాండ్రి! వదినా!"

బల్ల మీద పన్నెండు గాజుపళ్లేలు. అయిదు ఖాళీ. ఏడింటిలో మొలిచింది. మూత తీయకుండా చూడమని కృపాజ్యోతి ఒకదాన్ని పోచవ్వ ముందుకు జరిపింది. గుండ్రంగా, ఎండిపోయినట్టుగా, మధ్య నుంచి అంచుకు ముడతలు పడి, వంకాయ రంగులో ఉన్నాయవి.

పోచవ్వ కళ్లద్దాలు సరిచేసుకుని చూసింది. "గిదేందే? వంకాయ రంగు సర్వపిండి లెక్కున్నది."

"అదే వదినా. కాళ్లు తినే మడిలది. ఇగో ఇది సిద్దన్న గడ్డలది."

రెండు పళ్లేలూ పక్కపక్కన పెట్టింది. ఒకే పెంక మీద బియ్యప్పిండితో కాల్చిన రెండు సర్వపిండ్లు. సైన్సు తెలియని రాజలింగుకు కూడా అవి ఒక కడుపున పుట్టినవని తెలిసిపోయింది.

"అంటే టీబీ కాదా మేడం?"

"కాదు."

"అంటుకుంటదా? మా ఇంట్ల వానికెళ్లి మాకు?"

"మట్టిల నుంచి మనిషికి వస్తదన్నా. మనిషి నుంచి మనిషికి అంటదు. అన్నం కలిపి తిన్నా అంటదు."

రాజలింగు గోడకు ఆనుకున్నాడు. ఎనిమిది నెలలు. వట్టి పుణ్యానికి ఎనిమిది నెలలు.

భూపాల్ ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు. సూక్ష్మదర్శిని మీద వంగి, ఏడు పళ్లేలూ ఒకటి తర్వాత ఒకటి చూశాడు. మళ్లీ మొదటినుంచి చూశాడు. జేబులో ఫోన్ మోగింది. తీయలేదు. మోగి మోగి ఆగింది. నాలుగుకు ఆరు నిమిషాలుండగా పెన్ను మూత తీసి, మందు కాగితం మీద సంతకం పెట్టాడు. ఎవరి ముఖమూ చూడకుండా మెట్లు దిగిపోయాడు. ఆ రోజు బిస్కెట్లు ఎవరూ ముట్టలేదు. తర్వాత పోచవ్వ కొంగులో మూటగట్టుకుంది, మరిదికని.

*

ఎల్లారెడ్డి ఆసుపత్రిలో రోజుకు మూడుసార్లు, నరంలోకి సూదిమందు. మొదటి అయిదు రోజులు జ్వరం మొండికేసింది. ఆరో రోజు పొద్దున సిద్దిరాములు చొక్కా చెమటతో ముద్దయింది. నర్సు థర్మామీటరు చూసింది, దులిపి మళ్లీ పెట్టి చూసింది. జ్వరం లేదు.

సిద్దిరాములు కళ్లు తెరిచి, మంచం పక్కన కునుకుతున్న వదినను పిలిచాడు. "వదినా. సర్వపిండి తినబుద్దయితున్నది."

పోచవ్వ అదిరిపడింది. "వంకాయ రంగుది గాదు గద?"

అతనికేం అర్థం కాలేదు. ఆమె మాత్రం వార్డంతా వినపడేలా నవ్వి, ఆ నవ్వుతోనే ఏడ్చి, అప్పటికప్పుడు బియ్యప్పిండి కోసం పరుగెత్తింది.

ఈ లోపల ఇంకో సంగతి జరిగింది. జిల్లాలో క్రిములు పెంచి చూసే ప్రతి ల్యాబు గదికీ, పళ్లెంలో ఇలాంటివి మొలిస్తే మైల అని పారేయొద్దని, కృపాజ్యోతికి కబురు పెట్టాలని, ఒక కాగితం వెళ్లింది. మద్నూర్ నుంచి నస్రుల్లాబాద్ దాకా ఫోన్లు వస్తున్నాయట. ఎనిమిదేళ్లలో పదకొండు మంది చదివిన వ్యాసాన్ని ఇప్పుడు గోడలకు అంటించారట. పోచవ్వ గుంపు బూట్లలోనే నాట్లు వేస్తోంది. వరుసలు కాస్త వంకరగానే ఉన్నాయి.

పద్నాలుగు రోజులయ్యాక సిద్దిరాములు ఇంటికొచ్చాడు. ఇంకో మూడు నెలలు మాత్రలు వేసుకోవాలి. అది లెక్కలోది కాదన్నాడు. తోటి డ్రైవరు ఆటో దిగి, అలవాటు కొద్దీ కొట్టం వైపు నడిచాడు. అక్కడ మంచం లేదు. వాకిట్లో రాజలింగు నెత్తి మీద ఉంది.

"పోయేటప్పుడు గూడ నువ్వే మోసినవ్ అన్నా" అన్నాడు సిద్దిరాములు. నిష్ఠూరం లేదు, ఊరికే గుర్తొచ్చినట్టు అన్నాడు.

మంచం కింద రాజలింగు ముఖం కనిపించడం లేదు. కనిపించకపోవడమే అతనికి మేలైంది. "ఔ. నేనే మోసిన. ఇప్పుడు గూడ నేనే మోస్తున్న. తొవ్వకు అడ్డం నిలవడకు, జరుగు."

అన్నాలకు కూర్చున్నారు. పోచవ్వ పళ్లేలు తెచ్చింది. సిద్దిరాములు తన పళ్లెం అందుకుని బొటనవేలితో అంచు తడిమాడు. చిల్లి తగిలింది. దారం లేదు, చిల్లి మాత్రం ఉంది. అతని ముఖం కొంచెం వాడింది. పళ్లేన్ని పక్కకు, అందరికీ కొంచెం దూరంగా జరుపుకోబోయాడు.

"ఆగు" అంది పోచవ్వ. "అన్నది సూడు."

అన్న పళ్లెం అంచుకు చిల్లి. వదిన పళ్లెం అంచుకు చిల్లి. గూట్లో బోర్లించిన పళ్లేలన్నిటికీ అంచుల్లో చిల్లులు, మేకుతో పొడిచినవి, కొత్తగా మెరుస్తున్నాయి.

"పొద్దుగాల సంది గదే పని" అంది. "ఇగ ఏది నీదో నాకే తెల్వది. నీకెరుకైతె నువ్వే చెప్పు."

సిద్దిరాములు పళ్లెం మధ్యలోకి జరిపి, అన్న పళ్లెంలోంచి ముద్ద తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. రాజలింగు తన పళ్లెం తమ్ముడి వైపు ఇంకాస్త జరిపాడు. చిల్లిలోంచి పప్పుచారు కారి చాప తడుస్తోంది. ఎవరూ తుడవలేదు.

బయట కారు ఆగిన చప్పుడైంది.

వాకిట్లో భూపాల్ నిలబడి ఉన్నాడు. చొక్కా నలిగి ఉంది. సిద్దిరాములును చూశాడు. అతను తింటున్న అన్నం చూశాడు. ఎదురుచూసిన సంగతి కళ్లారా చూసినవాడిలా తల ఊపాడు.

"పద్నాలుగు దినాల సంది సూస్తున్న రాజలింగన్నా. దవాఖానకు దినాం ఫోన్ జేసి అడుగుతున్న. నీ తమ్ముడు లేస్తడా, లేవడా అని." పుస్తకం భాష ఎక్కడో పోగొట్టుకుని వచ్చాడు. "మా బాపుది మద్నూర్. పదకొండు నెలల సంది టీబీ మందులు. ఆపుతనంటడు, నేనే ఆపొద్దంట. ఇయ్యాల పొద్దుగాల తొడ మీద గడ్డ సూపిచ్చిండు."

రాజలింగు చెయ్యి కడుక్కున్నాడు. భూపాల్ కోసం అతని దగ్గర ఒక మాట చాలా రోజులుగా సిద్ధంగా ఉంది. బాగా నూరి పెట్టుకున్న మాట. ఇప్పుడు చూస్తే, తమ్ముడి మంచం మోసిన తనకూ, బాపు చేత మాత్రలు మింగించిన ఇతనికీ పెద్ద తేడా కనపడలేదు.

"మేడంకు చెప్పినవా?"

"ఏ మొఖం పెట్టుకుని చెప్పాలె?"

రాజలింగు తన ఫోన్ తీసి, కృపాజ్యోతి నంబరు నొక్కి, అతని చేతిలో పెట్టాడు. "ఉన్న మొఖంతోటే చెప్పు సార్. ఆమె నవ్వుతది గని, కొట్టది."

ఫోన్ మోగుతోంది. కారు వెనక తలుపు తెరుచుకుంది. డెబ్బై దాటిన పెద్దాయన, దగ్గుతూ, తలుపు పట్టుకుని దిగాడు. చంకలో గుడ్డసంచి. అందులోంచి ఒక స్టీలు పళ్లెం తీసి గుండెకు ఆనించి పట్టుకున్నాడు. వాకిట్లోకి రాకుండా, గడపకు అవతలే ఆగాడు.

"నా తలె నేనే తెచ్చుకున్న బిడ్డా" అన్నాడు పోచవ్వతో. "యాడ కూసుండుమంటరు?"

పోచవ్వ అతని చేతిలోంచి పళ్లెం లాక్కుని, అటూ ఇటూ తిప్పి చూసింది.

"దీనికింకా చిల్లి పడలే" అంది. "ఏమయ్యా, మేకు ఏడ వెట్టినవ్?"

భూపాల్ చేతిలోని ఫోన్లో మోత ఆగింది. "చెప్పు అన్నా" అంది కృపాజ్యోతి గొంతు.

భూపాల్ నోరు తెరిచాడు.